ముడుపు రూపాయికి నేనిచ్చిన రిపోర్టు

మా ఇంట్లో ఒక రేకు డబ్బా ఉండేది. ఎప్పుడో బిస్కెట్లతో వచ్చిన డబ్బా. మూత మీద తెల్ల కాయితం అతికించి, పెద్ద అక్షరాల్లో ‘దొంగవి’ అని రాశాను. ఇరవయ్యేళ్ళుగా నా చేతికొచ్చిన నకిలీ నాణేలన్నీ అందులోనే పడేవి. ఎవరైనా తెచ్చిన నాణెం నకిలీదని తేలితే, ఆ డబ్బా తెచ్చి వాళ్ళ ముందు గలగలలాడించి, "మీదానికి బోలెడుమంది చుట్టాలున్నారు, చూడండి" అనడం నాకు మహా సరదా. ఆ సరదా ఎలా తీరిపోయిందో ఇప్పుడు చెప్పాలి. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. కానీ గొప్పగా చెప్పుకున్న సంగతులు నాకు చాలా ఉన్నాయి, ఇదొక్కటీ దాచుకుంటే అవన్నీ కోతలైపోతాయి.

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది కూర్మన్నపాలెం. అసలు మా నాన్నది గోదావరి జిల్లా. ఇక్కడ ఉక్కు ప్లాంటు కొత్తగా కడుతున్న రోజుల్లో ఉద్యోగం కాయితం పోస్టులో వస్తే, అది జేబులో పెట్టుకుని, ఒక ట్రంకుపెట్టెతో, రెండు ఆవకాయ జాడీలతో ఇక్కడ దిగాడు. నేను ఇక్కడే పెరిగాను, ఇక్కడే ప్లాంటు లాబ్‌లో కుదిరాను. ఉక్కు ముక్కలు తెచ్చిస్తారు, అందులో ఏది ఎంతుందో తేల్చి కాయితం మీద రాసి సంతకం పెట్టడం నా పని. నేను సంతకం పెట్టాక ఎదురు మాట్లాడేవాడుండడు. ఆ ఉద్యోగం వల్ల మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. అడిగినా అడక్కపోయినా ప్రతిదీ తేల్చి చెప్పెయ్యాలనిపిస్తుంది. చారులో ఉప్పు దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ పెళ్ళిసంబంధం దాకా నేను తేల్చేసేవాణ్ణి. "ఇంట్లో కూడా రిపోర్టులేనా మీకు" అని మా ఆవిడ దెప్పుతూనే ఉండేది.

నాణేల పిచ్చి ఆ జబ్బుకి తోడైంది. ఆదివారం పొద్దున్నయితే మా వరండా సంతలా ఉండేది. ఈమధ్య ఫోన్లలో వీడియోలు వస్తున్నాయి కదా, ఫలానా నాణెం మీ దగ్గరుంటే మీరు లక్షాధికారి అని. అవి చూసి పోపుల డబ్బాలూ పూజగూళ్ళూ వెతికి, దొరికింది దొరికినట్టు పట్టుకొచ్చేవాళ్ళు. అల్యూమినియం ఐదు పైసల బిళ్ళ పట్టుకొచ్చి "ఎన్ని లచ్చలొత్తాయి బావా" అని అడిగినవాడు మా షిఫ్టులోనే ఉన్నాడు. వాళ్ళ ఆశ మీద నీళ్ళు చల్లడంలో నాకొక ఆనందం ఉండేది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడైతే దాన్ని నిజాయితీ అనుకునేవాణ్ణి.

పాత వెండి రూపాయిని చూడటం బ్రహ్మవిద్యేం కాదు. ముందు రాజు బొమ్మ ఉన్న వైపు తిప్పుతాం. చేతులు మారేకొద్దీ ఎత్తుగా ఉన్న చోట్లు ముందు అరుగుతాయి. కనుబొమ్మ, చెంప, మీసం కొస, కిరీటం మీద ముత్యాలు. ముత్యాలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తే మంచి స్థితి. అన్నీ కలిసిపోయి ఒక గీతలాగా ఉంటే నాసి. చెవి కూడా నున్నగా అయిపోయిందంటే ఇక దాన్ని వెండి బరువుకి అమ్ముకోవడమే. టంకశాల నుంచి వచ్చిన మెరుపు ఇంకా మిగిలున్న రూపాయి దొరికితే మాబోటివాళ్ళకి ఆ రోజు అన్నం కూడా అక్కర్లేదు.

అసలుదో నకిలీదో తేల్చడానికి వేరే మూడు పరీక్షలున్నాయి. కాటా మీద పెడితే పదకొండున్నర గ్రాములకి కాస్త పైన తూగాలి. గచ్చు మీద జారవిడిస్తే ఖంగుమని, ఆ మోత కాసేపు సాగాలి. అయస్కాంతం దగ్గర పెడితే ఉలకకూడదు. వీటన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటుంది. పాత నాణేన్ని కడక్కూడదు. చింతపండు గానీ, విబూది గానీ, పళ్ళపొడి గానీ, ఏది పెట్టి తోమినా పైపొర పోతుంది, దాంతో విలువ సగానికి సగం పోతుంది. మా ఆవిడ శుక్రవారం వెండి కుందులు తోముతుంటే, ఆ చింతపండు చెయ్యి నా డబ్బాల మీద పడకుండా కాపలా కాసేవాణ్ణి. శుభ్రంగా తోమి తళతళలాడించి తెచ్చినవాళ్ళని చడామడా తిట్టి పంపేవాణ్ణి.

ఇక మామ్మ సంగతి. జంక్షన్ దగ్గర సర్వీసు రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని ఆకుకూరలమ్మే ముసలావిడ. డెబ్భై దాటి ఉంటాయి. చెవులకి పాతకాలం బరువు కమ్మలు, వాటి బరువుకి తమ్మెలు కిందికి సాగిపోయి ఉండేవి. మా నాన్న ఆవిడ దగ్గరే కొనేవాడు, తర్వాత నేను. తోటకూర కట్ట తీసుకుంటే రెండు గోంగూర కాడలు ఊరికే పడేసేది. ఆవిడ ఊరు ప్లాంటు కింద పోయింది. ఆ మాట ఎప్పుడూ ఏడుస్తూ చెప్పేది కాదు. "మీ లాబ్ ఉన్నకాడే మా కళ్ళం ఉండీది బాబూ" అని, ఏదో తెలిసినవాళ్ళ ఇల్లు చూపించినట్టు చెప్పేది. నేను నవ్వి చిల్లర తీసుకుని వచ్చేసేవాణ్ణి.

ఆవిడకి ఒక్కడే కొడుకు. ఇంచుమించు నా ఈడువాడు. ఒక కాంట్రాక్టరు కింద ప్లాంటులోనే పనిచేసేవాడు. ఎర్రగా కాలిన ఉక్కు చల్లారేటప్పుడు పైన నల్లటి పెచ్చులు లేచి ఊడిపడతాయి, వాటిని మేం స్కేలంటాం. అది పారతో ఎత్తి పొయ్యడం అతని పని. పర్మనెంటు అవుతుంది, అవుతుంది అని పాతికేళ్ళు దాటిపోయాయి. ఈ ఏడాది ఎండాకాలంలో నడుం పట్టేసి మంచం దిగలేకపోయాడు. దాంతో పని మానేశాడు.

అదయ్యాక ఒకరోజు మామ్మ నాకు బచ్చలికూర కట్టిస్తూ అడిగింది. "ఆదివారం ఇంటికాడ ఉంటావా బాబూ? నీకొకటి సూపించాల."

ఆ ఆదివారం వచ్చింది. మా షిఫ్టువాళ్ళు ముగ్గురు అప్పటికే వరండాలో టీలు తాగుతూ కూర్చున్నారు. మామ్మ చెప్పులు గేటు బయటే విడిచి, మెట్టు మీద కూర్చుని, కొంగు ముడి విప్పింది. అందులోంచి చివికిపోయిన గుడ్డపేలికలు, వాటి మధ్య నల్లటి బిళ్ళ ఒకటి బయటికొచ్చాయి. అది రూపాయి అని చెబితే తప్ప తెలీదు. పొయ్యిలో మాడిన అట్టుముక్కలా ఉంది.

"ముడుపు బాబూ" అంది. "ముడి నాను ఇప్పలేదు, గుడ్డే సివికిపోయి ఊడొచ్చీసింది. మా ఊరు ఎత్తీసినప్పుడు మా వోడికి ఐదేళ్ళు. ఆడు పెద్దోడై ప్లాంటులో పర్మనెంటు అయితే కొండెక్కి అప్పన్నకి ఇచ్చుకుంతానని కట్టినాను. నా పెళ్ళికి మా అయ్య ఇచ్చిన రూపాయి ఇది. ఆడపిల్ల సేతిలో ఎండి ఉండాలని, దూడనమ్మి తగరపువలస సంతలో కొని తెచ్చినాడు. శుక్రారం శుక్రారం పసుపూ నూనే కలిపి రాసీదాన్ని గుడ్డ మీద. ఇంక మా వోడు పనికి ఎల్లడు. కోరిక తీరినా తీరకపోయినా సామి సొమ్ము ఇంట్లో ఉంచుకోకూడదు కదేటి. కొత్త గుడ్డ కట్టి ఇచ్చీదామని. ఇలాగ అట్ట కట్టీసింది, మంచిదో కాదో సూసి సెప్పు."

ఆవిడ అడిగింది అంతే. ధర అడగలేదు. దేవుడికి ఇచ్చేది మంచిదేనా అని అడిగింది. నేను మాత్రం ఆదివారం సంతలో ఉన్నాను.

"ఏటి బావా, లచ్చలేనా?" అన్నాడు మావాడొకడు.

"ఉండు" అని భూతద్దం తీశాను. అట్ట దళసరిగా, నల్లగా, అక్కడక్కడ పసుపు రంగు తేలి ఉంది. ఒక్కచోట మాత్రం పెచ్చు ఊడి కిరీటం కనబడుతోంది. ముత్యాలు. ఒక్కొక్కటీ ఆవగింజల్లా విడివిడిగా, పదునుగా ఉన్నాయి. ఎవరైనా అయితే సంతోషించాలి. నాకు మాత్రం అనుమానమొచ్చింది. ఇంత పాత రూపాయికి ఇంత పదునేమిటి, ఈమధ్యే ఎవడో అచ్చు పోసినట్టుంది అనుకున్నాను. కాటా మీద పెట్టాను. పన్నెండు దాటింది. తేడా. గచ్చు మీద జారవిడిచాను. ఖంగుమనలేదు, చెక్కముక్క పడ్డట్టు టప్పుమంది. అయస్కాంతం తీశాను. వేలెడంతది, కానీ మహా బలమైంది. దాన్ని బల్ల మీద రూపాయి దగ్గరికి తెచ్చాను. రూపాయి కదిలింది. నెమ్మదిగా జరిగొచ్చి అయస్కాంతానికి అతుక్కుంది.

"అయిపోయింది" అన్నాను. నా గొంతులో ఎంత హుషారుందో ఇప్పటికీ గుర్తుంది. "ఇది వెండి కాదు మామ్మా. లోపల ఇనుముంది, పైన పూత పూశారు. సంతలో మీ నాన్నని ఎవడో నిలువునా ముంచేశాడు."

మా వాళ్ళలో ఒకడు, పాపం మంచివాడే, "ఓపాలి కడిగి సూడు బావా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "పాత నాణేన్ని కడక్కూడదని నీకెన్నిసార్లు చెప్పాలి" అని కసురుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది. దొంగదని తేల్చేశాక కడిగితే పోయేదేముంది? ఆ ప్రశ్న నాకు తట్టలేదు, నేను కసిరాక వాడూ అడగలేదు. లోపలికెళ్ళి ‘దొంగవి’ డబ్బా తెచ్చి, మామ్మ ముందు గలగలలాడించాను. "బెంగపెట్టుకోకు, దీనికి బోలెడుమంది చుట్టాలున్నారు" అన్నాను. ముగ్గురూ నవ్వారు.

మామ్మ నవ్వలేదు. ఆ బిళ్ళ వైపు చూసింది. తర్వాత, ఎవరితోనూ కాకుండా, నెమ్మదిగా అంది. "అంటే ఇన్నాళ్ళూ సామికి సత్తు రూపాయి సూపించి అడిగినానా." నా వైపు తిరిగింది. "అందుకేనేటి బాబూ, మా వోడికి అవ్వలేదు?"

నవ్విన ముగ్గురూ టీ గ్లాసులు కింద పెట్టేశారు. నేను "దానికీ దీనికీ ఏం సంబంధం మామ్మా" అన్నాను గానీ, అది అన్నట్టు కాదు, దులుపుకున్నట్టుంది. ఆవిడ లేచింది. రూపాయిని తీసుకోలేదు. "దొంగ రూపాయి ఇంట్లోకి తీసుకెల్లను బాబూ, నీ డబ్బాలోనే పారీ" అంది. వెళ్తూ వెళ్తూ సంచీలోంచి రెండు బచ్చలికూర కట్టలు తీసి గట్టు మీద పెట్టింది, చూసి చెప్పినందుకు. ఆ పూట మా ఇంట్లో బచ్చలికూర పప్పు చేశారు, నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

తర్వాత పదిరోజులకి కాబోలు తోటకూర కొంటుంటే చూశాను, మామ్మ చెవులు బోసిగా ఉన్నాయి. కమ్మల్లేవు. సాగిన తమ్మెలకి చీపురుపుల్లలు గుచ్చుకుంది. కొడుకు వైద్యానికి అమ్మేసి ఉంటుంది అనుకున్నాను. అడగొచ్చు కదా, అడగలేదు. గోంగూర కాడలు మాత్రం ఎప్పట్లాగే ఊరికే పడేసింది.

శ్రావణమాసం వచ్చింది. పూజకి ముందురోజు మా ఆవిడ వెండి సామానంతా పళ్ళెంలో వేసుకుని చింతపండు పెట్టి తోముతోంది. నేను పేపరు చూస్తున్నాను. ఖంగుమని ఒక చప్పుడు వినిపించింది. మళ్ళీ ఒకటి. ఆ మోత నాకు తెలుసు, నిద్రలో వినిపించినా గుర్తుపడతాను. లేచి వెళ్ళి చూస్తే ఆవిడ చేతిలో ఒక రూపాయి తెల్లగా తళతళలాడుతోంది.

"నా నాణేల్లోది తీశావా?" అని ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాను.

ఆవిడ ఏ మాత్రం తొణకలేదు. "మంచి నాణేలు నేనేం ముట్టుకోలేదు. ఆ దొంగ డబ్బాలోది. మామ్మ ఇచ్చింది. దొంగదైతే అవుతుంది గానీ, ఒక మనిషి అన్నేళ్ళు పసుపు రాసి దణ్ణం పెట్టుకున్న రూపాయి ఆ డబ్బాలో పడుండటం నాకు మనసొప్పలేదు. కడిగి దేవుడి దగ్గర పెడదామని తీశాను" అంది. "ఇదేంటండీ, ఇంత బాగుంది?"

చేతిలోకి తీసుకున్నాను. ఐదో జార్జి. కిరీటం మీద ముత్యాలన్నీ ఉన్నాయి. మీసం కొస ఉంది. కనుబొమ్మ వెంట్రుకలున్నాయి. దుస్తుల మీద ఏనుగు బొమ్మ తొండంతో సహా తెలుస్తోంది. సంతకి రాకముందు ఎవరింట్లోనో దాచిపెట్టి ఉంచిన రూపాయి అయ్యుంటుంది, చేతులు మారిందే తక్కువ. కాటా మీద పెట్టాను. ఎంత తూగాలో అంతే తూగింది. గచ్చు మీద వేశాను. మోత గోడ దాకా వెళ్ళి వచ్చింది. అయస్కాంతం పెట్టాను, రూపాయి ఉలకలేదు.

అప్పుడు పళ్ళెం వైపు చూశాను. చింతపండు నీళ్ళ అడుగున నల్లటి మడ్డి పేరుకుని ఉంది. ఎందుకో అయస్కాంతాన్ని అందులో ముంచి తీశాను. ఆ మడ్డంతా దానికి మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకుంది. ఇనుప ధూళి. పసుపూ నూనే గుడ్డలోంచి దిగి జిగురులా పట్టి, ఇన్నేళ్ళ ధూళిని పొరలు పొరలుగా ఆ రూపాయి మీద అతికించాయి. బరువు ఎక్కువ చూపించింది అదే. మోత నొక్కేసింది అదే. అయస్కాంతం దగ్గరికి జరిగింది కూడా అదే. రూపాయి ఏ తప్పూ చెయ్యలేదు.

లాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేను చెప్పే మాట ఒకటుంది. ముందు శాంపిల్ శుభ్రం చెయ్యండి, తర్వాతే పరీక్ష. పైన మట్టి ఉంటే మీరు చూసేది మట్టిని. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఉద్యోగంలో ఒక నియమం, సరదాలో ఒక నియమం, ఆ పూట నా గొప్పకి ఏది పనికొస్తే దాన్ని పట్టుకున్నాను. చెప్పుతో కొట్టినట్టయింది.

"రేపే తీసుకెళ్ళి ఇచ్చెయ్యండి" అంది మా ఆవిడ.

"ఆదివారం వెళ్తాలే" అన్నాను.

ఇక్కడ చెప్పేది అన్నిటికన్నా సిగ్గుమాలిన ముక్క. ఆదివారం వెళ్ళలేదు. ఆ తర్వాతి ఆదివారమూ వెళ్ళలేదు. జంక్షన్ దగ్గర మామ్మ కూర్చునే వైపు కాకుండా రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాణ్ణి. ఒకరోజు దువ్వాడ స్టేషను దగ్గర ఆగి ఎవరి దగ్గరో తోటకూర కొన్నాను. ముఖం చెల్లక అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. రూపాయిని మెత్తటి గుడ్డతో తుడిచి నా ఆల్బంలో మొదటి పేజీలో పెట్టాను. రోజూ ఒకసారి తీసి చూసుకునేవాణ్ణి. కడగకపోయి ఉంటే ఎంత పలికేది, కడిగినా ఎన్ని వేలు పలుకుతుంది అని ఆలోచించేవాణ్ణి. ఆవిడే కదా నాకిచ్చేసింది, దేవుడికి ఇవ్వనంది కదా, అని కూడా ఒకరోజు అనుకున్నాను. ఆ మాట అనుకున్నది నేనే. వేరేవాడెవడో కాదు.

మా ఆవిడ దువ్వాడ తోటకూర కట్టని అలాగే తీసి ఫ్రిజ్ మీద పెట్టింది. "ఇది నేను వండను. మామ్మ దగ్గర తెచ్చుకునే ముఖం ఉన్నప్పుడు తెండి, వండుతాను" అంది. మూడువారాలు మా ఇంట్లో ఆకుకూర లేదు. చివరికి ఒక సాయంత్రం ఆల్బం తెరిచి, రూపాయి తీసి, జేబులో వేసుకుని బయల్దేరాను.

వాళ్ళ కాలనీ మా ఇంటికి పట్టుమని రెండు కిలోమీటర్లుండదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అడుగుతూ వెళ్తే చూపించారు. ఒక్కటే గది, ముందు రేకుల పంచ. మామ్మ పంచలో కూర్చుని మర్నాటికి గోంగూర కట్టలు కడుతోంది. నన్ను చూసి గాభరాగా లేచింది. "ఏటి బాబూ, ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగింది. నేను కనబడక మూడువారాలైందని ఆవిడకి తెలుసు. ఒంట్లో బాగులేదేమోనని అనుకుందట.

లోపలికి రమ్మంది. కొడుకు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నడుముకి బెల్టు ఉంది. గోడకి అప్పన్న పటం, దాని పక్కన ఒక మేకు, మేకుకి పసుపుతాడు ముక్క ఇంకా వేలాడుతోంది. దానికి జానెడు దూరంలో ఇంకో మేకు. దాని మీద కొడుకు పని చొక్కా. అసలు రంగు ఏదో తెలీదు, మొత్తం నల్లబారి, మడతల్లో సన్నటి పెచ్చులు మెరుస్తున్నాయి. పనినుంచి వచ్చినప్పుడల్లా ఆ చొక్కా విప్పి, అక్కడే దులిపి, ఆ మేకుకే తగిలించేవాడన్నమాట. గోడ మీద వేలు రాశాను. వేలు నల్లగా, గరుగ్గా అయింది. ఇక నాకు అడగాల్సిందేమీ లేకపోయింది.

గచ్చు మీద చతికిలబడి రూపాయి తీశాను. "మామ్మా, నేను తప్పు చెప్పాను" అన్నాను. ధూళి సంగతి, పసుపు సంగతి, అయస్కాంతం సంగతి అన్నీ చెప్పాను. ఆవిడకి ఎంత అర్థమైందో తెలీదు. అందుకని రూపాయిని గచ్చు మీద జారవిడిచాను. ఖంగుమంది. ఆ చిన్న గదిలో మోత చాలాసేపు ఉంది. మంచం మీద కొడుకు తల కొంచెం కదిలింది గానీ ఇటు తిరగలేదు.

"మోగినాది" అంది మామ్మ. రూపాయిని తీసి అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో రాజు ముఖం తడిమింది. అన్నిటికన్నా ముందు ఆవిడన్న మాట ఇది. "అయితే మా అయ్యనెవులూ మోసం సెయ్యలేదు."

లేదన్నాను. మూడువారాల్లో మొదటిసారి కాస్త ఊపిరాడినట్టనిపించింది. ఆ ధైర్యంతో కమ్మలేమయ్యాయని అడిగాను.

"సామికి ఏసీసినాను బాబూ. ఇన్నాళ్ళు దొంగ రూపాయి కట్టి ఆయన్ని అడిగినాను కదా, అపరాదం సెల్లించుకోవాల. కొండ మెట్లన్నీ ఎక్కినాను, హుండీలో కమ్మలేసినాను, సమించమని అడిగినాను" అంది. ఏదో కూరగాయలు కొన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. డెబ్భై దాటిన మనిషి, ఆ మెట్లన్నీ, నేనాడిన ఒక్క మాటకి. చేతులు జోడించి, "నాదే తప్పు మామ్మా, కమ్మలు నేను చేయిస్తాను" అన్నాను. అది కూడా ఎంత చవకమాటో అంటుండగానే తెలిసింది.

"నీ తప్పేటుంది బాబూ. నీకు కనబడ్డది సెప్పినావు" అంది. "సామికి ఏసినవి ఏసీసినట్టే. మళ్ళీ సేయించుకుంతామేటి."

లేచి, గూట్లోంచి పసుపు భరిణె తీసింది. కొత్త చీర అంచు చింపి, పసుపు నీళ్ళలో తడిపి పిండింది. రూపాయికి పసుపు రాసి ఆ గుడ్డ మధ్యలో పెట్టింది. ఈ శనివారం కొండకి తీసుకెళ్ళి ఇచ్చేస్తానంది. నేను పోనీ ఆటోలో తీసుకెళ్తానన్నాను. సరేనంది. అంతా సర్దుకుంటోందని నాకు అనిపించడం మొదలైంది. నా బోటివాడికి ఎంత తొందరగా అనిపిస్తుందో చూడండి.

గుడ్డ నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చిన చెయ్యి ఆగిపోయింది. ముడి వెయ్యలేదు.

"మంచి రూపాయే కదా బాబూ?"

"మంచిదే మామ్మా. నా దగ్గరున్నవాటన్నిటికన్నా మంచిది."

"మరయితే మా వోడికి ఎందుకవ్వలేదు?"

ఆవిడ నన్ను నిలదియ్యడం లేదు, నిజంగా అడుగుతోంది. అన్నీ చూసి తేల్చి చెప్పే మనిషిని కదా, అందుకని అడుగుతోంది. రూపాయి దొంగదైనన్నాళ్ళూ ఆవిడకి ఒక కారణం ఉంది. దానికి పరిహారంగా కమ్మలేసి, మెట్లెక్కి, దణ్ణం పెట్టుకుని వచ్చింది. ఇప్పుడు నేను వచ్చి రూపాయి మోగించి ఆ కారణం కూడా తీసేసుకున్నాను. మంచం మీద కొడుకు నిద్రపోవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

ఆవిడ ఇంకొకటి అడిగింది. అందులో వెటకారం రవ్వంత కూడా లేదు, పక్కింటావిణ్ణి కూర ఎలా వండిందో అడిగినట్టు అడిగింది.

"మీ నాయినకి రాగానే పర్మనెంటు అయినాది కదేటి. మీ అమ్మ ఏటి కట్టినాది బాబూ, ముడుపు? ఏ సామికి?"

"తెలీదు మామ్మా" అన్నాను.

తెలుసు. మా ఇంట్లో ఎవరూ ఏ ముడుపూ కట్టలేదు. కాయితం పోస్టులో వచ్చింది.